మూలం ఒకచోట, టీక ఇంకోచోట

ఆ లైన్ పైన ఉన్న కామెంట్ ఇంతే: ఈ సంఖ్యను మార్చవద్దు, కారణం డిజైన్ డాక్యుమెంట్ 4.3లో చూడండి.

సంఖ్య 90. బిల్లులు కట్టే ఒక అప్లికేషన్‌లో, అవతలి సిస్టమ్ నుంచి జవాబు రాకపోతే మళ్ళీ అడిగేముందు ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే సంఖ్య అది. తొంభై సెకన్లపాటు ఫోన్ తెరమీద చక్రం తిరుగుతూ ఉంటే జనం విసుక్కుంటున్నారని ఫిర్యాదులు. నేను ఆ టీమ్‌లోకి కొత్తగా వచ్చాను. 4.3 కోసం వెతికాను. డాక్యుమెంట్లన్నీ ఒకప్పుడు ఆఫీసు లోపలి సైట్లో ఉండేవట. రెండేళ్ళ క్రితం కొత్త సైట్‌కి మారినప్పుడు, ఏడాదిగా ఎవరూ తెరవని పేజీలను వెంట తీసుకురాలేదట. నలభై నిమిషాలు వెతికి, దొరక్క, తొంభైని ముప్ఫై చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. ఇద్దరు చూసి సరే అన్నారు. ఆ రాత్రికే బయటికి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి రెండు వందల పైచిలుకు మందికి ఒకే బిల్లు రెండుసార్లు కట్ అయింది. డబ్బు వెనక్కి ఇచ్చేశాం, అదేమీ పెద్ద పని కాదు. కానీ కస్టమర్ కేర్‌లో పనిచేసే అమ్మాయి ఒక కాల్ రికార్డింగ్ వినిపించింది. అవతల ఒక పెద్దావిడ. కరెంటు బిల్లు రెండుసార్లు పోయింది, అకౌంట్లో ఇంకేం మిగల్లేదు, ఈ పూట మందులు కొనాలి బాబూ, మూడు రోజులంటే ఎట్లా అని అడుగుతోంది. కోపం లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది నన్ను.

ఆ కోడ్ రాసినాయన కంపెనీ మానేసి చాన్నాళ్ళయింది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తొంభైల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వైటూకే పనులతో ఈ లోకంలోకి వచ్చిన మనిషి. టీమ్‌లో అందరూ అన్న అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను.

"అన్నా, ఆ తొంభై ఎందుకు పెట్టారు?"

"తొంభయ్యా? అవతలోళ్ళ సిస్టమ్ మనం పంపింది వెంటనే రాసుకోదు. అరవై సెకన్లదాంక పడ్తది ఒక్కోసారి. అంతకుముందే మళ్ళ అడిగితే కొత్త బిల్లు అనుకుంటది. డాక్యుమెంట్ల రాసిన కదరా."

"ఆ డాక్యుమెంట్ ఇప్పుడు లేదన్నా."

కాసేపు ఏం మాట్లాడలేదు.

"గట్లయితే నేను రాయనట్టే లెక్క," అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. రాయకపోవడం కాదు కదా ఆయన తప్పు. రాశాడు, నంబరు వేసి మరీ రాశాడు. రాసింది ఎక్కడ ఉంది అన్నదగ్గర కథ అడ్డం తిరిగింది. మరి ఎక్కడ ఉండాల్సింది? ఈ ప్రశ్న పట్టుకుని నేను చదివిన చరిత్రంతా ఈ వ్యాసం.

*

నిజానికి మనలాంటి వాళ్ళకి ఇది కంప్యూటర్లతో పుట్టిన ప్రశ్న కాదు. కాళిదాసు కావ్యాలను ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే మెదక్ ప్రాంతపు కొలిచెలమ ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి చలవ అది. తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఏ ప్రోగ్రామర్‌కైనా కామెంట్లు రాసేముందు చేయించదగిన ప్రమాణం అది. సంజీవని శ్లోకాన్ని విడిచిపెట్టి ఎక్కడికీ పోదు. అచ్చు పుస్తకాల్లో పైన శ్లోకం, కిందే వ్యాఖ్య.

దీనికి ఎదురుగా ఇంకో మర్యాద కూడా మనకి తెలుసు. పదో తరగతి తెలుగు గైడు. పాఠ్యపుస్తకం ఒకటి, ప్రతిపదార్థ తాత్పర్యాలు ఇంకో పుస్తకం. ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. పద్యాన్ని వదిలేసి గైడే చదివాం. గైడులో అచ్చుతప్పు ఉంటే ఆ తప్పే పరీక్షలో రాశాం. టీక మూలం పక్కనుంచి లేచి వెళ్ళిపోతే రెండింటిలో ఒకటి అవుతుంది: టీకనే మూలం అనుకుంటాం, లేదా టీక ఉందనే మర్చిపోతాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళు డెబ్భై ఏళ్ళుగా ఈ రెండు గుంటల మధ్యే నడుస్తున్నారు.

*

మొదట్లో కోడ్‌లో టీకకి చోటే లేదు. 1947లో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ కలిసి, కంప్యూటర్‌తో లెక్కలు చేయించడానికి ప్రణాళిక ఎలా వేసుకోవాలో వివరిస్తూ నివేదికలు రాశారు. ఫ్లో డయాగ్రమ్ అనేదాన్ని వాటిలో ప్రవేశపెట్టారు. గళ్ళు, బాణాలు. ఇక్కడ ఈ పని జరుగుతుంది, ఇక్కడ దారి చీలుతుంది. ఆ గళ్ళలో ఒక రకం నన్ను ఆకట్టుకుంది. దానిలో ఏ పనీ జరగదు. లెక్క ఈ చోటికి వచ్చేసరికి ఫలానా విషయం నిజమై ఉంటుంది అని ప్రకటించడమే దాని పని. యంత్రానికి దానితో అవసరం లేదు, చదివే మనిషి కోసమే. అంటే డాక్యుమెంటేషన్ పుట్టడమే బొమ్మలో పుట్టింది. కోడ్ అంకెల వరస, అర్థం కాగితం మీద.

1949లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌సాక్ పనిచేయడం మొదలుపెట్టింది. తరచూ అవసరమయ్యే లెక్కలను ఎవరికి వారు రాసుకోకుండా, ఒకసారి రాసి పేపర్ టేపుల మీద దాచి, కావాల్సినవాళ్ళు వాడుకునేలా అక్కడ ఒక లైబ్రరీ పెట్టారు. 1951లో విల్క్స్, వీలర్, గిల్ ముగ్గురూ కలిసి తెచ్చిన పుస్తకంలో ఈ ఉపప్రోగ్రాముల వివరణలు ఒక భాగంలో ఉంటే, కొన్నిటి కోడ్ ఇంకో భాగంలో ఉంటుంది. ఇక్కడ ఆ ఎడబాటు కావాలని చేసినదే. వర్గమూలం కట్టాలనుకునేవాడికి లోపల ఏం జరుగుతుందో ఎందుకు? ఏమిస్తే ఏమొస్తుందో తెలిస్తే చాలు. 1952లో డేవిడ్ వీలర్ పిట్స్‌బర్గ్‌లో చదివిన ఒక చిన్న పత్రంలో, ప్రోగ్రామ్ రాసి పరీక్షించాక కూడా, లోపలి సంగతి తెలియనివాళ్ళు వాడుకునేలా దాని గురించి రాయడం అనే పని మిగిలే ఉంటుందనీ, బహుశా అన్నిటికన్నా కష్టమైనది అదేననీ ఒప్పుకున్నాడు. లోకంలో కంప్యూటర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో అన్నమాట ఇది!

ఇక్కడ ఒక తేడా గమనించాలి, తర్వాత అవసరపడుతుంది. వాడుకునేవాడికి కావాల్సిన రాత వేరు, మార్చేవాడికి కావాల్సిన రాత వేరు. మొదటివాడు కోడ్ తెరవడు. రెండోవాడు కోడ్ తప్ప ఇంకేదీ తెరవకపోవచ్చు. నాకులాగా.

కోడ్ లోపలే మనిషి మాటకి చోటు ఇచ్చింది ఫోర్‌ట్రాన్, కోబాల్ తరం. ఫోర్‌ట్రాన్ కార్డులో మొదటి గడిలో సి అనే అక్షరం గుద్దితే ఆ కార్డును యంత్రం పట్టించుకోదు, అది మనుషులకి. కోబాల్ ఇంకో అడుగు వేసింది. ప్రోగ్రామ్ మొదట్లోనే రచయిత పేరు, రాసిన తేదీ వేసుకోవడానికి గళ్ళు పెట్టింది, కృతికర్త పేరు చెప్పుకునే గద్యలాగా. వైటూకే రోజుల్లో అన్న చూసిన ప్రోగ్రాముల్లో కొన్నిటికి ఆయన వయసు ఉండేదట. మాన్యువల్స్ ఏ గోదాములో ఉన్నాయో ఎవరికీ తెలియదు. సంవత్సరానికి రెండంకెలే ఎందుకు వాడారో, ఎక్కడెక్కడ వాడారో చెప్పేవాళ్ళు రిటైరైపోయారు. కోడ్‌తోపాటు మిగిలింది కోడ్‌లో ఉన్న మాటలు మాత్రమే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వెళ్ళిన మనవాళ్ళు ఎందరో చేసిన పని ఒకరకంగా శాసనాలు చదవడమే. అలాంటి మనిషి కూడా తన వంతు వచ్చేసరికి కారణాన్ని కోడ్ బయట పెట్టాడు. కంపెనీ రూలు అట్లుండె అన్నాడు అడిగితే.

*

బయట పెడితే ఏమవుతుందో అందరికంటే పెద్ద ఎత్తున చూసినవాడు ఫ్రెడ్ బ్రూక్స్. 1960లలో ఐబీఎమ్‌లో ఓఎస్/360 నిర్మాణానికి నాయకత్వం వహించాడు. ప్రాజెక్టుకి సంబంధించిన ప్రతి కాగితాన్నీ ఒక వర్క్‌బుక్‌లో పెట్టి, ప్రతి ప్రోగ్రామర్‌కీ ఒక ప్రతి ఇచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ వర్క్‌బుక్ ఐదడుగుల మందం అయింది. మన్‌హటన్‌లో వాళ్ళ ఆఫీసున్న టైమ్-లైఫ్ బిల్డింగ్‌లోని వంద ప్రతులనూ ఒకదానిమీద ఒకటి పేరిస్తే బిల్డింగ్‌కన్నా ఎత్తయ్యేవని ఆయనే రాశాడు. రోజూ మారిన పేజీలు సుమారు 150 వచ్చేవి. పాతవి తీసి కొత్తవి చొప్పించడానికే పొద్దు గడిచిపోయేది. చివరికి మైక్రోఫిష్‌కి మారారు.

1975లో వచ్చిన ది మిథికల్ మ్యాన్-మంత్ పుస్తకంలో ఈ అనుభవం నుంచి ఆయన తేల్చినది సూటిగా ఉంటుంది. ఒకే సంగతిని రెండు ఫైళ్ళలో విడివిడిగా ఉంచి రెంటినీ ఎప్పుడూ సరిపోల్చుకుంటూ ఉండటం జరగని పని అని డేటా ప్రాసెసింగ్ చేసే ప్రతివాడికీ తెలుసు. మరి మన ప్రోగ్రాముల దగ్గరికి వచ్చేసరికి కోడ్ ఒక ఫైల్లో, దాని వివరణ ఇంకోదాన్లో ఎందుకు పెడుతున్నాం? రెండూ ఒకే ఫైల్లో ఉండాలి. ఫ్లో చార్టుల మీద కూడా ఆయనకి భ్రమలు లేవు. అనుభవమున్న ప్రోగ్రామర్లు ముందు కోడ్ రాసి, రూలు ఉంది కాబట్టి తర్వాత చార్టు గీస్తారని చెప్పాడు. ఇంజనీరింగ్ ప్రాజెక్ట్ రిపోర్టులు కట్టిన మనందరికీ ఆ రహస్యం తెలిసిందే.

ఇదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో వేరే మర్యాద నడుస్తోంది. 1971 నవంబరు 3 తేదీతో కెన్ థామ్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటి ఎడిషన్ వచ్చింది. ఒక్కో కమాండ్‌కి ఒక పేజీ, మహా అయితే రెండు. పేరు, వాడే తీరు, వివరణ, చివర్న లోపాలు. తాము రాసినదానిలోని లోపాలను తామే అచ్చువేసుకున్నారు. ఇది వాడుకునేవాడి కోసం రాసినది. కోడ్‌లో కాకుండా విడి ఫైల్లో ఉన్నా సిస్టమ్ ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళేది. టీక మూలంలో లేకపోయినా ఒకే సంచిలో ఉందన్నమాట.

మరి మార్చేవాడికి? 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో, నడుస్తున్న ఒక ప్రాసెస్‌ను ఆపి ఇంకోదాన్ని నడిపించే చోట ఒక కామెంట్ ఉంది. నువ్వు దీన్ని అర్థం చేసుకోవాలని మేం అనుకోవట్లేదు అని దాని సారాంశం. ప్రోగ్రామర్ల లోకంలో ఇంత పేరుపొందిన కామెంట్ ఇంకోటి ఉండకపోవచ్చు. టీషర్టుల మీద కూడా ఎక్కింది. పొగరు అనుకున్నారు చాలామంది. ఇది పరీక్షలో రాదులే అని మాస్టారు చెప్పినట్టు అన్నామే తప్ప సవాలు కాదని రిచీ తర్వాతెప్పుడో వివరణ ఇచ్చుకున్నాడు. అంతకంటే నచ్చిన విషయం, అసలు అక్కడ ఏం జరుగుతోందో తమకీ పూర్తిగా అర్థం కాలేదని కూడా ఒప్పుకున్నాడు.

ఆ కామెంట్ ఇంత ప్రసిద్ధం కావడానికి కారణం ఒక మేష్టారు. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం 1976 ప్రాంతంలో రెండు పుస్తకాలు తయారుచేశాడు. ఒకదానిలో ఆరో ఎడిషన్ కెర్నెల్ కోడ్, దాదాపు 9000 లైన్లు, ప్రతి లైనుకీ నంబరు. రెండోదానిలో వ్యాఖ్యానం. ఆ కామెంట్ ఉన్నది 2238వ లైన్లో. నేను ఈ పుస్తకం చూసినప్పుడు మొదట తట్టింది మల్లినాథుడే. ఇది ఎవరికో కావాల్సిన మాన్యువల్ కాదు, ఒక రచనను కూర్చోబెట్టి చదివించడం. అర్థం కానక్కర్లేదన్న చోట కూడా ఆగి, అర్థం చెప్పబోవడం.

1979లో ఏడో ఎడిషన్‌తో లైసెన్సు నియమాలు మారి, తరగతి గదుల్లో యూనిక్స్ కోడ్ చెప్పడానికి వీల్లేకుండా పోయింది. లయన్స్ వ్యాఖ్యానం జెరాక్సుల మీద జెరాక్సులై చేతులు మారింది. 1996లో గానీ బాహాటంగా అచ్చు కాలేదు. అప్పుడు మూలం, టీక ఒకే అట్టలమధ్యకి వచ్చాయి.

*

ఒకే ఫైల్లో పెట్టండన్న బ్రూక్స్ మాటని చివరిదాకా లాక్కెళ్ళినవాడు డోనాల్డ్ కనూత్. టెక్ అనే తన అక్షరకూర్పు ప్రోగ్రామ్‌ను ఆయన వెబ్ అనే పద్ధతిలో రాశాడు. (ఇంటర్నెట్ వెబ్ కాదు, అది ఇంకా పుట్టలేదు.) ఇందులో కోడ్‌కి కామెంట్లు రాయరు, వ్యాసం రాస్తారు. ఆ వ్యాసంలో అక్కడక్కడ కోడ్ ఉంటుంది. ఒక పనిముట్టు అందులోంచి యంత్రానికి కావాల్సిన ప్రోగ్రామ్‌ను విడదీస్తుంది. ఇంకోటి అదే ఫైల్‌ని మనిషి చదివే పుస్తకంగా కూరుస్తుంది. 1984లో ది కంప్యూటర్ జర్నల్‌లో వచ్చిన వ్యాసంలో దీనికి లిటరేట్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టాడు. టెక్ మొత్తం కోడ్ 1986లో నిజంగానే పుస్తకంగా వచ్చింది. సాహిత్యం చదివేవాళ్ళకి ఇంతకంటే ముచ్చటైన ఊహ ఉండదు. మన చంపూ కావ్యం కదా ఇది, గద్యమూ పద్యమూ ఒకే దారంలో.

కానీ లోకం ఆ దారిన పోలేదు. ఎందుకో ఒక చిన్న సంఘటన చెబుతుంది. 1986లో జాన్ బెంట్లీ తన శీర్షిక కోసం కనూత్‌ని ఒక పని అడిగాడు: ఒక ఫైల్లో ఎక్కువసార్లు వచ్చిన మాటలేవో చెప్పే ప్రోగ్రామ్‌ను ఈ పద్ధతిలో రాసి చూపించమని. కనూత్ పేజీలకు పేజీలు అందంగా రాశాడు. దాన్ని సమీక్షించమని బెల్ ల్యాబ్స్ డగ్ మెకిల్‌రాయ్‌ని అడిగారు. ఆయన పనితనాన్ని మెచ్చుకుని, తర్వాత అదే పనిని ఆరు యూనిక్స్ కమాండ్లను వరసగా గుచ్చి చేసి చూపించాడు. వాటిలో ప్రతిదానికీ మాన్యువల్‌లో ఒక పేజీ ముందే ఉంది. అంటే కనూత్‌ది కావ్యం, మెకిల్‌రాయ్‌ది నిఘంటువు చేతికిచ్చి పంపేయడం. ఇద్దరూ రైటే. కాకపోతే కావ్యం రాయగల ప్రోగ్రామర్లు తక్కువ. అంతకంటే ముఖ్యం, వాళ్ళు వెళ్ళిపోయాక ఆ కావ్యాన్ని సవరించగలవాళ్ళు ఇంకా తక్కువ.

మిగిలింది మధ్యేమార్గం. 1994లో వచ్చిన పెర్ల్ 5లో మాన్యువల్ పేజీనే కోడ్ ఫైల్లో రాసుకునే వీలుంది. 1996లో జావాతోపాటే జావాడాక్ వచ్చింది. ఫంక్షన్ నెత్తిమీద ఒక తరహా కామెంట్ రాస్తే దానినుంచి మాన్యువల్ పేజీలు వాటంతటవే తయారవుతాయి. పైథాన్‌లో ఫంక్షన్ లోపల మొదటి వాక్యంగా రాసిన వివరణ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు కూడా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, అడిగితే చెబుతుంది. రాసేది ఒకచోట, చదివేది రెండుచోట్ల. వీలర్ నాటి చిక్కు విడిపోయినట్టే అనిపిస్తుంది.

పూర్తిగా కాదు. రోజూ వీటిని రాసేవాడిగా చెప్తున్నా. పేరును తెచ్చే ఫంక్షన్ మీద ఇది పేరును తెస్తుంది అని రాసి చేతులు దులుపుకోవడం మాకందరికీ అలవాటే. గడి ఉంది కాబట్టి నింపుతాం. ప్రతిపదార్థం అంతా ఉంటుంది, తాత్పర్యం ఉండదు. ఎందుకు అన్న ప్రశ్నకి ఈ పద్ధతుల్లో ప్రత్యేకంగా గడి లేదు.

*

ఆ ఎందుకు అన్నది తప్పుచోట ఉంటే ఎంత నష్టమో 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ మీద ఆకాశంలో కనిపించింది. ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయాణం. దాదాపు 40 సెకన్లకి దారితప్పి, ముక్కలై పేలిపోయింది. క్లస్టర్ అనే ప్రయోగం కోసం మోసుకెళ్తున్న నాలుగు ఉపగ్రహాలూ పోయాయి.

కారణం అందరూ చెప్పుకునేదే. రాకెట్ తాను ఎటు తిరిగి ఉందో తెలుసుకునే వ్యవస్థలో ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. ఆ కంప్యూటర్ చేతులెత్తేసింది. దానికి తోడున్న రెండోది అదే కారణంతో అంతకు కొద్ది మిల్లీసెకన్ల ముందే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ కొత్తది కాదు, ఏరియాన్ 4 నుంచి తెచ్చి వాడుకున్నది. ఇంతవరకు చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

నేను దర్యాప్తు సంఘం నివేదిక తెరిచింది ఈ మధ్యనే. సంఘానికి అధ్యక్షుడు ఫ్రెంచ్ గణితవేత్త జాక్-లూయీ లయన్స్. (సిడ్నీ లయన్స్ వేరు, ఈయన వేరు.) నివేదిక చెప్పేదేమిటంటే, అలా విఫలం కాగల మార్పిడులు ఏడు ఉన్నాయని ఏరియాన్ 4 ఇంజనీర్లకు ముందే తెలుసు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న నియమం వల్ల నాలుగింటికే రక్షణ పెట్టారు. మిగతా మూడూ ఆ హద్దులు దాటవని వదిలేశారు. నిర్లక్ష్యం కాదది, ఆలోచించి, భాగస్వాములందరూ ఒప్పుకుని తీసుకున్న నిర్ణయం. ఏరియాన్ 4 వెళ్ళే దారికి అది సరైనదే. ఏరియాన్ 5లో అడ్డంగా పెరిగే వేగం ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. ఆ దారికి సరిపోదు.

ఆ తర్వాతి మాట చదివి కుర్చీలో వెనక్కి వాలాను. ఆ నిర్ణయానికి సమర్థన కోడ్‌లో ఎక్కడా నేరుగా కనబడలేదట. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఉండే డాక్యుమెంట్ల కుప్పలో ఆ ఊహ, ఎవరూ కావాలని దాచకపోయినా, బయటినుంచి చూసేవాళ్ళ కంటికి అందకుండా పోయిందట. లేక కాదు, రాయక కాదు. ఉన్నచోటు అది. సిఫారసుల్లో ఒకటి ఇదీ: సమర్థనలు రాసిన పత్రాలను కోడ్‌తో సమానంగా చూడండి, కోడ్‌కీ దాని సమర్థనలకీ పొత్తు కుదిర్చే పద్ధతిని మెరుగుపరచండి.

నా తొంభైకీ ఆ రాకెట్‌కీ పోలికేంటి అనొచ్చు. పరిమాణంలో లేదు. కానీ మొదట రాసినవాడికి కారణం తెలుసు, తర్వాత వచ్చినవాడికి సంఖ్య మాత్రం తెలుసు. రెండుచోట్లా అదే జరిగింది.

*

అదే దశాబ్దంలో డాక్యుమెంట్లు మళ్ళీ బయటికి నడిచాయి. 1995 మార్చిలో వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని తెరిచాడు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, వెంటనే సవరించవచ్చు. ఆఫీసులు దాన్ని రెండు చేతులా అందుకున్నాయి. బ్రూక్స్ ఐదడుగుల వర్క్‌బుక్‌కి ఇది జవాబే కదా! పేజీలు చొప్పించే బాధ లేదు. టెస్టింగ్ వాళ్ళు, కస్టమర్ కేర్ వాళ్ళు, మేనేజర్లు, కోడ్ చూసే అనుమతి లేనివాళ్ళందరూ చదవగలరు. ఇది చిన్న సంగతి కాదు. కోడ్‌లోనే రాయండి అని ఊరికే గదమాయించే నాలాంటివాళ్ళు కస్టమర్ కేర్‌లో కాల్ ఎత్తే అమ్మాయి ఎక్కడ చదువుకోవాలో కూడా చెప్పాలి.

కానీ వికీకి కోడ్ మారిన సంగతి తెలియదు. కోడ్‌కి వికీ మూసేసిన సంగతి తెలియదు.

2005లో గిట్, 2008లో గిట్‌హబ్ వచ్చాక గాలి కాస్త మళ్ళింది. ప్రాజెక్ట్ తెరవగానే రీడ్‌మీ ఫైల్ ఎదురొస్తుంది, అరుగుమీద కూర్చున్న ఇంటిపెద్దలాగా. డాక్యుమెంట్లు కోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి. కోడ్ మార్చినప్పుడు ఆ మార్పుతోపాటే వాటినీ మార్చొచ్చు, చూసేవాళ్ళు రెండూ కలిపి చూస్తారు. 2011లో మైకేల్ నైగార్డ్ అనే ఆయన, పెద్ద నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ ఒకటి రెండు పేజీల్లో సందర్భం, నిర్ణయం, దాని పర్యవసానాలు రాసి, నంబరు వేసి కోడ్ పక్కనే దాచమన్నాడు. నిర్ణయం మారితే పాతది చెరపొద్దు, మారిందని గుర్తు పెట్టి కొత్తది రాయమన్నాడు. ఎందుకు అన్నదానికి ఇన్నాళ్ళకి ఒక గడి దొరికింది.

ఇంత చదివాక నాకు కుదిరిన అభిప్రాయం చాలా మామూలుది. ఎక్కడ పెట్టాలి అన్నదానికి జవాబు ఎవరికోసం అన్నదాన్లో ఉంది. వాడుకునేవాళ్ళకి కావాల్సింది వాళ్ళు తెరవగలిగే చోట, కోడ్ నుంచే తయారయ్యేలా ఉండాలి. ఒక పెద్ద నిర్ణయం వెనక కథ కోడ్ ఉన్న సంచిలోనే, విడి కాగితంగా ఉండాలి. కానీ ఒక సంఖ్య, ఒక షరతు, చూడగానే తప్పులా కనిపించి దిద్దాలనిపించే లైను, దాని కారణం మాత్రం దిద్దబోయేవాడి చేతికి తగిలేంత దగ్గర్లో ఉండాలి. అక్కడినుంచి ఎక్కడికో పంపే చీటీ చాలదు. కామెంట్లు పాతబడవా అంటే పడతాయి. పక్కనే ఉన్నది పాతబడితే కనీసం చూసినవాడికి అనుమానం వస్తుంది. దూరంగా ఉన్నది పాతబడితే అది పాతబడిందని కూడా తెలీదు.

ఆ వారం నేను ఆ కామెంట్ తీసేసి నాలుగు లైన్లు రాశాను. అవతలి సిస్టమ్ మన అభ్యర్థనను నమోదు చేసుకోవడానికి 60 సెకన్లదాకా పట్టవచ్చు. అంతకుముందు మళ్ళీ పంపితే కొత్త బిల్లుగా తీసుకుంటుంది. జనం డబ్బు రెండుసార్లు పోతుంది, ఒకసారి పోయింది కూడా. 90 అందుకే. దానికి తోడు, ఆ సంఖ్య 60కి తగ్గితే ఫెయిలై, ఎందుకు ఫెయిలైందో ఇవే మాటల్లో చెప్పే టెస్ట్ ఒకటి. కామెంట్ చదవకపోయినా టెస్ట్ చదివిస్తుంది కదా అని.

ఆ నాలుగు లైన్లూ తెలుగులో చెప్పి అన్నకి మెసేజ్ పెట్టాను, కాస్త మెప్పు ఆశించే పెట్టాను. పది నిమిషాలకి జవాబొచ్చింది.

"నెలాఖరున బిల్లులెక్కువ ఉంటయి, అరవై దాటుతది. ఎనభై గూడ చూసిన ఒకసారి. అది డాక్యుమెంట్ల గూడ రాయలె. ఇప్పుడు రాయి."

మళ్ళీ ఫైల్ తెరిచాను.